గర్భిణి రిపోర్టు మీద గర్భిణి హద్దులు ముద్రించండి

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖల మంత్రులకు బహిరంగ లేఖ



రెండు ప్రభుత్వాలకూ కలిపి ఒకే ఉత్తరం రాయడానికి కారణం ఉంది. తొలికాన్పు పుట్టింట్లోనే అన్న ఆనవాయితీ మన ఇళ్ళలో ఇంకా పోలేదు. హైదరాబాదులో కాపురం ఉంటూ ఆరో నెల దాకా అక్కడే చూపించుకున్న అమ్మాయి సీమంతం కాగానే శ్రీకాకుళమో నరసరావుపేటో వెళ్ళిపోతుంది. ఏలూరు కోడలు కాన్పుకి ఖమ్మం వస్తుంది. ఆమెతోపాటు ప్లాస్టిక్ కవర్లో రిపోర్టులూ రాష్ట్రం దాటతాయి. వాటిలో లివర్ పరీక్ష కాగితం ఉంటే దాన్ని అక్కడి డాక్టరూ ఇక్కడి డాక్టరూ ఒకే తీరుగా చదవగలగాలి. ఇవాళ ఆ వీలు లేదు. నేను అడగబోయేది ఆ కాగితం గురించే.

నేను ల్యాబు మనిషిని. బయోకెమిస్ట్రీ నా వృత్తి, రిపోర్టుల మీద సంతకం పెట్టడం నా పని. ప్రతి పరీక్షకూ రిపోర్టు మీద ఆ మనిషికి వచ్చిన విలువ ఉంటుంది, పక్కనే ‘నార్మల్ రేంజ్’ అని కింది హద్దు, పై హద్దు ఉంటాయి. విలువ హద్దు దాటితే కంప్యూటరే దాన్ని నల్లగా ముద్రించి పక్కన ‘హెచ్’ అని పెడుతుంది. దాటకపోతే మామూలు అక్షరాల్లో వదిలేస్తుంది. అర్ధరాత్రి డ్యూటీ డాక్టరైనా, ఏఎన్ఎం అయినా, ఫోనులో పీడీఎఫ్ తెరిచిన భర్త అయినా ముందు చూసేది ఆ నల్ల అక్షరాలనే. కాబట్టి ఆ హద్దులు ఎవరిని చూసి గీసినవన్నది చిన్న సంగతి కాదు. లివర్ ఎంజైముల విషయంలో మన ల్యాబులు చాలావరకు గర్భిణి రిపోర్టు మీద ముద్రిస్తున్నవి గర్భం లేని పెద్దవాళ్ళ హద్దులు.

గర్భంలో ఒంట్లో లెక్కలన్నీ మారతాయి. రక్తంలోని ప్లాస్మా 40 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది. కిడ్నీలు మునుపటికన్నా సగం ఎక్కువ పని చేస్తాయి. ఇది తెలిసే కదా, గర్భిణికి రక్తహీనత ఉందో లేదో చూడటానికి హిమోగ్లోబిన్ 11 గ్రాములన్న గీత వేరుగా పెట్టుకున్నాం. షుగరు పరీక్షకు వేరే లెక్క పెట్టుకున్నాం. థైరాయిడ్ టీఎస్‌హెచ్‌కైతే ఏ మూడు నెలలకు ఆ మూడు నెలల హద్దు చాలా ల్యాబులు ఇప్పటికే అచ్చు వేస్తున్నాయి. లివర్ ఎంజైముల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాం.

ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ సంగతి చూడండి. మామూలుగా ఈ ఎంజైము లివరు నుంచి, ఎముకల నుంచి రక్తంలోకి వస్తుంది. గర్భిణిలో మాయ కూడా దీన్ని తయారు చేస్తుంది. మాయ పెరిగేకొద్దీ ఇదీ పెరిగి, ఎనిమిది తొమ్మిది నెలలకు మామూలు హద్దుకు రెండింతలు, కొందరిలో అంతకన్నా ఎక్కువ ఉంటుంది. కాన్పయిన కొద్ది వారాల్లో దానంతటదే దిగిపోతుంది. 2009లో అమెరికాలో వెలువడి, ప్రసూతి వైద్యులు ఎక్కువగా చూసే ఒక పట్టికలో చివరి మూడు నెలలకు దీని పై హద్దు 229 యూనిట్లు. మన రిపోర్టుల మీద సాధారణంగా 120 దగ్గరో 130 దగ్గరో ఆగుతుంది. తొమ్మిదో నెలలో ఏ జబ్బూ లేని అమ్మాయికి 200 వచ్చినా పక్కన హెచ్ పడుతుంది.

అక్కణ్ణుంచి ఆ ఇంట్లో మొదలయ్యే కంగారు మీరు ఊహించగలరు. కామెర్లేమోనని హెపటైటిస్ పరీక్షలు, లివర్ స్కానింగు, పట్నంలో మరో డాక్టరు, ఒక లివర్ టానిక్ సీసా. ఇంట్లో పెద్దవాళ్ళు నూనె, నెయ్యి, గుడ్డు మానిపిస్తారు. బిడ్డ బరువు పెరగాల్సిన నెలలో తల్లికి చప్పిడి కూడు. ఇంతా చేస్తే ఆ అంకె చెప్పింది మాయ పెరిగిందని మాత్రమే. లివర్ పరీక్షలోని మిగతా విలువలు, అంటే బిలిరుబిన్, ఎస్‌జీపీటీ బాగుండి ఇదొక్కటే పెరిగితే నెలలు నిండిన గర్భిణిలో దాదాపు ఎప్పుడూ అర్థం అదే. ఈ ఎంజైమును తొలిరోజుల్లో కొలిచింది అది విడగొట్టిన ఫాస్ఫేటును లెక్కగట్టి. రక్తంలో ఫాస్ఫరస్‌ను తేలిగ్గా కొలిచే పద్ధతిని 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ప్రకటించినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. బయోకెమిస్ట్రీ విద్యార్థులకు ఫిస్కే–సుబ్బారావు పద్ధతిగా ఇప్పటికీ పాఠం చెబుతాం. ఆయన పుట్టిన నేల మీద ఈ ఒక్క అంకెను సరిగ్గా చదవలేక గర్భిణులను తిప్పుతున్నామంటే నాకు బాధగా ఉంటుంది.

భయపెట్టే రిపోర్టుతో డబ్బు పోతుంది, నిద్ర పోతుంది. నన్ను అంతకన్నా కలవరపెట్టేది హెచ్ పడకుండా వెళ్ళిపోయే రిపోర్టు.

ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అన్నవి లివరు కణాల లోపల ఉండే ఎంజైములు (ఎస్‌జీఓటీ కండరాల్లోనూ ఉంటుంది). కణం దెబ్బతింటే రక్తంలోకి కారతాయి. వీటిని మాయ తయారు చేయదు. కాబట్టి గర్భంలో ఇవి పెరగడానికి మామూలు కారణమేదీ లేదు. నిజానికి కొంచెం తగ్గుతాయి. 1997లో బ్రిటన్‌లో జోఆనా గిర్లింగ్ బృందం ఆరోగ్యంగా ఉన్న గర్భిణుల్లో వీటిని కొలిచి, పై హద్దు ల్యాబుల్లో వాడుతున్నదానికన్నా తక్కువని చూపింది. ప్రీ ఎక్లాంప్సియా ఉన్న గర్భిణులను, అంటే గర్భంలో బీపీ పెరిగే జబ్బు ఉన్నవాళ్ళను, ఆ కొత్త హద్దుతో చూస్తే సగానికి పైగా మందిలో లివరు మీద ప్రభావం కనబడింది. ఇందాక చెప్పిన 2009 పట్టికలో చివరి మూడు నెలలకు ఎస్‌జీపీటీ పై హద్దు 25, ఎస్‌జీఓటీకి 32. గర్భిణుల రక్తపోటు మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం 40 దాటితే లివరు దెబ్బతిన్న గుర్తుగా పట్టించుకోమంటోంది. మన రిపోర్టుల మీద ల్యాబును బట్టి 45, 50, 55 కూడా నార్మలే.

ఇంకో చిక్కుంది. ప్రీ ఎక్లాంప్సియా తీవ్రంగా ఉందని తేల్చడానికి డాక్టర్లు వాడే గుర్తుల్లో ఒకటి, ఈ ఎంజైములు పై హద్దుకు రెట్టింపు కావడం. పై హద్దు 32 అయితే రెట్టింపు 64. అదే 55 అయితే 110. ఒకే గర్భిణి, ఒకే రక్తం, విలువ 80. ఒక ల్యాబు కాగితం పట్టుకుంటే ఆమెది తీవ్రమైన జబ్బు, వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి. మరో ల్యాబు కాగితంతో ఆమె ఇంకా ఆ గీత దాటలేదు. పైగా ఎస్‌జీపీటీ కొలిచే రసాయనాల్లో కొన్నింటిలో విటమిన్ బీ6 రూపాన్ని కలుపుతారు, కొన్నింటిలో కలపరు. దాన్ని బట్టీ విలువ మారుతుంది. అత్తింటి ఊరి రిపోర్టునూ పుట్టింటి ఊరి రిపోర్టునూ పక్కపక్కన పెట్టి పెరిగిందా తగ్గిందా అని చూసే డాక్టరుకు ఈ తేడాలేవీ కాగితం మీద కనబడవు.

ఎనిమిదో నెల దాటిన ఒక గర్భిణి పీహెచ్‌సీకి వచ్చిందనుకుందాం. పొట్ట పైభాగంలో, కుడి డొక్క కింద నొప్పి. రెండుసార్లు వాంతయింది. ఇంట్లో అప్పటికే గ్యాస్ అనేశారు, ఆసుపత్రిలోనూ గ్యాస్ మాత్రే ఇచ్చారు. ఆ నెలల్లో గ్యాస్ పట్టని ఆడమనిషి ఎవరు? బీపీ కొంచెం ఎక్కువుంది, కంగారు పడిందేమోనన్నారు. పరీక్ష రాశారు, ఎస్‌జీపీటీ 52 వచ్చింది, హద్దు 55. మామూలు అక్షరాల్లో అచ్చయింది. ఇంటికి పంపేశారు.

ఆ నొప్పి లివరు ఉబ్బుతున్నందువల్ల కావచ్చు. 1982లో లూయిస్ వైన్‌స్టీన్ అనే అమెరికన్ వైద్యుడు ఈ పరిస్థితికి హెల్ప్ సిండ్రోమ్ అని పేరు పెట్టాడు. ఇందులో ఎర్రకణాలు చితికిపోతాయి, లివరు ఎంజైములు పెరుగుతాయి, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. వెయ్యి గర్భాల్లో ఐదు నుంచి తొమ్మిదింటిలో వస్తుందని అంచనా. వచ్చినవాళ్ళలో పదిమందికి ఒకరిద్దరిలో బీపీ పెద్దగా పెరగదు కూడా, అందుకే బీపీ యంత్రాన్ని ఒక్కదాన్నే నమ్ముకుంటే దొరకదు. దాదాపు మూడో వంతు మందిలో కాన్పయ్యాక బయటపడుతుంది, అదీ ఎక్కువగా మొదటి రెండు రోజుల్లో. బిడ్డ పుట్టింది, గండం గడిచింది అని అందరూ ఊపిరి పీల్చుకున్న రోజులవి. ఎస్‌జీఓటీ 70, ఎల్‌డీహెచ్ (ఎర్రకణాల్లో మెండుగా ఉండే ఎంజైము) 600 దాటి, ప్లేట్‌లెట్లు లక్షకన్నా తగ్గితే అది హెల్ప్. దానికి అసలు చికిత్స కాన్పు చేయడం. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం, బీపీకి మందు, ఎక్కించడానికి రక్తం సిద్ధంగా ఉన్న ఆసుపత్రి కావాలి. అంకెలు గంటల్లో మారిపోతాయి. ఉదయం తీసిన రక్తం రిపోర్టు మర్నాడు ఫోనుకు వస్తే ప్రయోజనం లేదు.

ఇక్కడ ఎల్‌డీహెచ్ గురించి ల్యాబు మనిషిగా ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఎర్రకణంలో ఎల్‌డీహెచ్ ప్లాస్మాలోకన్నా వంద రెట్లకు పైగా ఉంటుంది. సన్న సూదితో గట్టిగా లాగినా, ట్యూబును విసురుగా ఊపినా, మే నెల ఎండలో గతుకుల రోడ్డు మీద వ్యానులో రెండు గంటలు కుదిపినా కణాలు పగిలి సీరం ఎర్రబడుతుంది. ఎల్‌డీహెచ్ తప్పుగా పెరిగి కనబడుతుంది, ఎస్‌జీఓటీ కూడా కొంత పెరుగుతుంది. హెల్ప్‌లోనూ పగిలేవి ఎర్రకణాలే. మరి అవి ఆమె ఒంట్లో పగిలాయా, మన ట్యూబులో పగిలాయా? తేల్చాలంటే మళ్ళీ జాగ్రత్తగా రక్తం తీయాలి, గాజుపలక మీద స్మియర్ చేసి మైక్రోస్కోపులో చితికిన కణాలున్నాయేమో చూడాలి. శాంపిల్ ఎర్రబడిందని చాలా చోట్ల ఒక ముక్క రాసి పక్కన పడేస్తారు. నలభై ఏళ్ళ మగమనిషి శాంపిల్ అయితే అది సరిపోవచ్చు. ముప్ఫై నాలుగు వారాల గర్భిణి శాంపిల్ ఎర్రబడి వస్తే ఆ క్షణమే ఫోను చేసి ఆమె ఎలా ఉందో అడగాలి. శాంపిళ్ళను దూరం పంపే హబ్ పద్ధతి మంచిది. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ పథకం 2018లో మొదలయ్యాక పేదింటి మనిషి కూడా జేబులో డబ్బు లేకుండా పరీక్ష చేయించుకోగలుగుతోంది. దానికి నేను మనస్ఫూర్తిగా సంతోషిస్తాను. ఆ మంచి పనిలోనే ఈ లోటు ఉంది కనుక చెబుతున్నాను.

దురద సంగతీ ఇలాంటిదే. ఏడో నెల దాటాక అరచేతులు, అరికాళ్ళు రాత్రిపూట విపరీతంగా దురద పెడితే, ఒంటి మీద పొక్కులేవీ లేకపోతే, మన ఇళ్ళలో వేడి చేసిందంటారు. మజ్జిగ తాగిస్తారు, కొబ్బరినూనె రాస్తారు. అది పిత్తం లివరులో నిలిచిపోవడం వల్ల కావచ్చు. ఎస్‌జీపీటీ చాలామందిలో పెరుగుతుంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఇక్కడ పనికిరాదు, మాయదేదో లివరుదేదో విడదీయలేం. తేల్చేది రక్తంలో బైల్ యాసిడ్ల పరీక్ష. అవి 100 మైక్రోమోల్స్ దాటితే బిడ్డ కడుపులోనే చనిపోయే ప్రమాదం స్పష్టంగా పెరుగుతుందని 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పెద్ద విశ్లేషణ చూపింది. అంతకన్నా తక్కువుంటే ఆ భయం బాగా తగ్గుతుంది. అంటే ఈ పరీక్ష కొందరికి కాన్పు ముందుకు జరపమంటుంది, చాలామందికి ధైర్యం చెబుతుంది.

కామెర్లు వచ్చిన గర్భిణిని పసరు మందుకు తీసుకెళ్ళే అలవాటు రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. మురుగు కలిసిన నీళ్ళతో వచ్చే హెపటైటిస్-ఈ మామూలు మనిషిని కొన్ని వారాలు మంచాన పెట్టి వదిలేస్తుంది. చివరి నెలల్లో ఉన్న గర్భిణుల్లో మాత్రం ఐదుగురిలో ఒకరి దాకా చనిపోయిన సందర్భాలు మన దేశంలో నమోదయ్యాయి. 1955–56లో ఢిల్లీలో మంచినీళ్ళలో మురుగు చేరి దాదాపు 29 వేలమందికి కామెర్లు వచ్చినప్పుడు గర్భిణుల మరణాలు వైద్యులను కలచివేశాయి. ఆ వైరస్ ఏదో తేలింది చాలా ఏళ్ళ తర్వాత. ఇలాంటి చోట ఎస్‌జీపీటీ వందలు, వేలల్లో ఉంటుంది. ఆ అంకెకు గర్భిణి హద్దు అక్కర్లేదు, ఎవరి కంటికైనా ఆనుతుంది. అక్కడ కావలసింది ఆమెను పసరు దగ్గరికి కాకుండా ఆసుపత్రికి చేర్చే ఆశా కార్యకర్త, ఊళ్ళోకి వచ్చే మంచినీటి పైపు.

ప్రతి గర్భిణికీ ప్రతి నెలా లివర్ పరీక్ష చేయమని నేను అడగడం లేదు. అలా చేస్తే వృథా ఖర్చుతోపాటు వృథా భయాలూ పెరుగుతాయి. వేవిళ్ళు తీవ్రమై ఆసుపత్రిలో చేరినవాళ్ళలో దాదాపు సగం మందికి ఎస్‌జీపీటీ కొంత పెరుగుతుంది, వాంతులు తగ్గితే అదీ దిగుతుంది. ఒక్క ఎంజైమును పట్టుకుని తీర్పు చెప్పాలని చూస్తే ఏమవుతుందో వైద్యశాస్త్రం ఒకసారి చూసింది కూడా. 1960లు, 70లలో మాయ బాగా పనిచేస్తోందా అని తెలుసుకోవడానికి దానినుంచి వచ్చే ఫాస్ఫటేజ్‌నూ, ఆక్సిటోసినేజ్ అనే మరో ఎంజైమునూ పదేపదే కొలిచారు. అంకెలు మనిషి మనిషికీ మరీ మారిపోయేవి. స్కానింగు, బిడ్డ గుండె చప్పుడు నమోదు చేసే యంత్రాలు వచ్చాక ఆ పరీక్షలు వదిలేశారు. బీపీ, మూత్రంలో ఆల్బుమిన్, తల్లి చెప్పే మాట, వీటి పక్కన పెట్టి చదివినప్పుడే ఎంజైము పనికొస్తుంది.

2018–20 నమూనా నమోదు లెక్కల్లో లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45, దేశం మొత్తానికి 97. ఇది రెండు రాష్ట్రాలూ కష్టపడి సాధించిన ఫలితం. వాహనం పంపి, ఆసుపత్రికి రప్పించి, కాన్పు అక్కడే అయ్యేలా చూసి ఇంతదూరం వచ్చాం. ఆ 43నీ 45నీ ఇంకా తగ్గించాలంటే ఆసుపత్రి దాకా వచ్చేసిన తల్లి రక్తంలో రాసి ఉన్నదాన్ని వేళకు చదవాలి. నా అభిప్రాయం ఇది.

అందుకు మీరు చేయగలిగినవి నాకు తోచినంతలో చెబుతాను. పరీక్ష కోరే కాగితం మీద ‘గర్భిణి, ఎన్ని వారాలు’ అని ఒక గడి, ‘బాలింత, ఎన్నో రోజు’ అని ఇంకో గడి పెట్టించండి. ల్యాబు సాఫ్ట్‌వేరు ఇప్పటికే మగవాళ్ళకు ఒక హిమోగ్లోబిన్ హద్దు, ఆడవాళ్ళకు ఒకటి, పిల్లలకు ఒకటి మార్చి ముద్రిస్తోంది. ఆ గడి చూసి గర్భిణి హద్దులు ముద్రించడం దానికి కష్టం కాదు. కొత్త యంత్రం కొననక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు. ఫాస్ఫటేజ్ పక్కన ‘గర్భంలో పెరగడం సహజం’ అని తెలుగులో ఒక్క వాక్యం వేయించండి. క్రియాటినిన్‌కూ ఇదే వర్తిస్తుంది. అది ఎంజైము కాదు గానీ, గర్భిణిలో 1.1 దాటితే కిడ్నీ దెబ్బతిన్నట్టు లెక్క, మన కాగితాలు కొన్ని 1.2 దాకా నార్మల్ అంటాయి.

బీపీ 140/90 దాటినా, ఇరవై వారాల తర్వాత పొట్ట పైభాగంలో నొప్పి వచ్చినా, తగ్గని తలనొప్పి, కళ్ళు మసకలు, పొక్కులు లేని దురద, కళ్ళు పచ్చబడటం ఏది కనబడినా ప్లేట్‌లెట్లు, ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ, ఎల్‌డీహెచ్, బిలిరుబిన్, క్రియాటినిన్ అదే రోజు చేసేలా ఒక శాశ్వత ఉత్తర్వు ఇవ్వండి. గ్యాస్ మాత్ర ఇవ్వొద్దనను, రక్తం తీశాక ఇవ్వండి అంటాను. ఆ శాంపిల్ ట్యూబు మీద రంగు చీటీ అతికించి, మిగతావాటికన్నా ముందు యంత్రంలో పెట్టాలి. గీత దాటిన ఫలితాన్ని ల్యాబు మనిషి ఆ పీహెచ్‌సీ డాక్టరుకు ఫోను చేసి చెప్పాలి, ఎవరితో ఎన్ని గంటలకు మాట్లాడారో రాసుకోవాలి. ప్రతి నెలా 9న ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద జరిగే పరీక్షల రోజు రద్దీలో ఈ ఫోను మరీ అవసరం. బైల్ యాసిడ్ల పరీక్ష ఉమ్మడి జిల్లాకు ఒక చోటైనా దొరికేలా చూడండి.

చివరగా, ఈ ఉత్తరంలో నేను చెప్పిన హద్దులన్నీ పరాయి దేశపు తల్లులవి. మన తల్లుల తిండి వేరు, బరువు వేరు, విటమిన్ డి లోటు వేరు. ఒక పరీక్షకు సొంత హద్దు గీయడానికి ప్రతి వర్గం నుంచీ కనీసం 120 మంది ఆరోగ్యవంతుల విలువలు ఉంటే చాలని ప్రయోగశాలల అంతర్జాతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. గాంధీ ఆసుపత్రిలో, ఉస్మానియాలో, విశాఖ కేజీహెచ్‌లో, గుంటూరు పెద్దాసుపత్రిలో ఎంతమంది గర్భిణులు వచ్చిపోతారో మీకు తెలుసు. సుఖంగా కాన్పయి, తల్లీబిడ్డా క్షేమంగా ఇంటికి వెళ్ళినవాళ్ళ విలువలు మూడేసి నెలల చొప్పున పోగుచేస్తే తెలుగు గర్భిణి హద్దుల పట్టిక తయారవుతుంది. రెండు రాష్ట్రాల బయోకెమిస్ట్రీ, ప్రసూతి విభాగాలను ఒక చోట కూర్చోబెట్టి, పని అప్పగించి, గడువు చెప్పండి. ఆ పట్టిక వచ్చేదాకా 2009 నాటి పట్టికను వాడుకోవచ్చు, కొత్త పట్టిక కోసం ఆగనక్కర్లేదు.

భవదీయురాలు,
ఒక ల్యాబు బయోకెమిస్ట్